సమాధుల పండుగ

ఈస్టరు ఆదివారమునాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే పిఠాపురములోని క్రైస్తవుల యిండ్లలో దీపములు వెలుగును. ముసలివారు, పిల్లలు, చంకబిడ్డలతో తల్లులు కొవ్వొత్తులును పూలబుట్టలును పట్టుకొని సమాధుల తోటకు బయలుదేరుదురు. అంతకు రెండు మూడు దినముల ముందే అచ్చటి కలుపు పెరికి, సమాధులకు సున్నము వేసి, చెరిగిపోయిన పేర్లపై నల్లరంగు దిద్దియుందురు. కడియపు తోటలనుండి వచ్చిన బంతిపూలు, మల్లెపూలు వాటిపై పరచుదురు. తూర్పున వెలుగురేక విచ్చువేళకు పాట మొదలగును. ఉభయ గోదావరి ప్రాంతములలో పెక్కు గ్రామములలో దీనినే సమాధుల పండుగ యందురు.

హిందువులైన నా మిత్రులొకరు ఒకమారు నన్ను అడిగిరి: "పండుగపూట ఎవరైనా శ్మశానానికి వెళ్తారటండీ?" న్యాయమైన ప్రశ్న. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు నేను చేయు ప్రయత్నమే యనుకొనుడు.

మా పిఠాపురము చనిపోయినవారిని మరచు ఊరు కాదు. కుక్కుటేశ్వరస్వామి ఆలయమున్న పాదగయకు దూరదేశములనుండి జనులు వచ్చి, పితరులకు పిండప్రదానము చేసి పోవుచుందురు. గయాసురుని పాదములు ఇచ్చట నున్నవని స్థలపురాణము. ఆ పుష్కరిణి మెట్లపై తడిబట్టలతో తలవంచి కూర్చున్న కొడుకులను చిన్ననాటినుండి చూచుచు పెరిగినవాడను. సమాధుల తోటలో కన్నీరు కార్చువారి దుఃఖమును ఆ దుఃఖమే. అయితే మేము మృతులకు తీర్చవలసిన ఋణము తీర్చుటకై అచ్చటికి పోము. వారితో కూడ మేమును దేనికొఱకు ఎదురుచూచుచున్నామో, దానిని వారి ప్రక్కన నిలిచి పాడుటకు పోవుదుము.

ఈ పండుగ తేది ఏటేటా మారుచుండును. మార్చి 21వ తేదీన గాని, ఆ తరువాత గాని వచ్చు పున్నమి గడచిన పిమ్మటి ఆదివారము ఈస్టరు. కావున అది మార్చి 22కును ఏప్రిల్ 25కును నడుమ పడును. అందరును ఒకే ఆదివారమున దీనిని ఆచరింపవలెనని క్రీ. శ. 325లో నైసియా సభ నిర్ణయించెను. తేది సంగతి అంతటితో చాలును.

మొదటి ఈస్టరు ఉదయమున జరిగినదేమి? ఆశ్చర్యమేమనగా, నాలుగు సువార్తలలో ఏదియు క్రీస్తు లేచిన క్షణమును వర్ణింపలేదు. తెల్లవారకముందే సమాధికి వచ్చిన స్త్రీలను మాత్రమే అవి మనకు చూపును. వారు పండుగకు రాలేదు. సుగంధద్రవ్యములతో శవమునకు చేయవలసిన కడపటి ఉపచారము చేయుటకు వచ్చిరి. ద్వారమునకు అడ్డముగానున్న రాతిని ఎవరు దొర్లింతురన్నదే వారి చింత. ఆ రాయి తొలగియుండెను; లోపల దేహము లేదు. మగ్దలేనే మరియ సంతోషింపలేదు సరికదా, తన ప్రభువు దేహమును ఎచ్చట పెట్టిరో తెలియదని వెక్కి వెక్కి యేడ్చెను. ఎదుట నిలిచినవానిని తోటమాలి యనుకొనెను. ఆయన పేరుపెట్టి పిలిచిన పిమ్మటగాని గుర్తింపలేకపోయెను. ఖాళీ సమాధి ఆమెకు తెచ్చినది మరియొక దుఃఖమే గాని విశ్వాసము కాదు. పేరుపెట్టి పిలిచిన ఆ కంఠము విశ్వాసమును తెచ్చెను.

ఆ స్త్రీలు వచ్చి చెప్పినప్పుడు అపొస్తలులు అవి వట్టిమాటలని కొట్టివేసిరని లూకా వ్రాసెను. ఆ కాలపు యూదసమాజములో స్త్రీల సాక్ష్యమునకు విలువ తక్కువ. కథ కల్పించువాడెవడును అట్టి సాక్షులను ముందు నిలుపడని నాకు తోచును.

అటుపిమ్మట ఇరువదియైదేండ్లు నిండకముందే పౌలు కొరింథులోని సంఘమునకు ఉత్తరము వ్రాసెను. క్రీస్తు లేవనియెడల మా బోధయు వ్యర్థమే, మీ నమ్మికయు వ్యర్థమే యని అందు దాపరికము లేక ఒప్పుకొనెను. మృతులు ఎట్టి దేహముతో లేతురని అడుగువారికి ఆయన విత్తనమును చూపెను. దీనిని వేదాంతులకన్న మా ఏలేరు క్రింది రైతులు ఎక్కువగా నెరుగుదురు. వారు విత్తనపు వడ్లను నీట నానబెట్టి, గోనెలో మండె కట్టి, మొలక వచ్చిన పిమ్మట దమ్ము చేసిన నారుమడిలో చల్లుదురు. నాలుగు దినములు పోయిన తరువాత ఆ బురదలో చేయి పెట్టి వెదకినను వేసిన గింజ వేసినట్లు దొరకదు. అయినను మొలచునది మరియొక పైరు కాదు, ఆ వరియే. పోయినది అదే, వచ్చినది అదే. రూపము మాత్రము వేరు. పౌలు చెప్పదలచినది ఇదియే.

ఇందులో నన్ను మిక్కిలి కదలించు సంగతి మరియొకటి కలదు. లేచిన క్రీస్తు దేహముపై మేకుల గాయములు అట్లే యుండెను. తోమాకు ఆయన వాటినే చూపెను. పునరుత్థానము జరిగినదానిని చెరిపివేయలేదు. చనిపోయినవారిని మరచిపొండని దుఃఖితులకు హితము చెప్పు మనబోటివారు ఈ గాయములను మరి కొంచెము సేపు చూడవలెను.

ఈ వార్త మా ప్రాంతమునకు దొరల నోటనే వచ్చినదని పలువురు తలంతురు. 1830లలోనే నరసాపురమున బౌడెన్, బీర్ అను మిషనరీలు పని మొదలుపెట్టిన మాట నిజమే. కాని 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్లారిన్ కాకినాడకు వచ్చుటకు ముందే, టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగమును విడిచిన థామస్ గేబ్రియేలు అను తెలుగువాడు అచ్చట ఈ సువార్తను చాటుచుండెను. మేము నేటికిని పాడుకొను కీర్తనలలో పెక్కింటిని వ్రాసిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తెలుగు కవియే.

ఇక నిత్యజీవితము మాట. లేచిన తరువాత ఆయన చేసిన పనులు ఎంత చిన్నవో చూడుడు. ఎమ్మాయు దారిలో ఇద్దరితో నడచి, వారి యింట రొట్టె విరిచెను. తిబెరియ సముద్రతీరమున, రాత్రియంతయు వేటాడి ఏమియు దొరకని శిష్యులకొఱకు నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రండు, తినుడని పిలిచెను. వలలో పడిన చేపలు 153 అని యోహాను లెక్కతో సహా వ్రాసెను. వేటగాండ్రు లెక్క మరువరు! మూడుమార్లు తన్నెరుగనన్న పేతురును ఆయన మూడుమార్లు ప్రేమించుచున్నావా యని అడిగెనే గాని, ఒక్క నిందావాక్యమైనను పలుకక తన మందను అప్పగించెను. మా సమాధుల తోటలో గట్టు తగవుతో మాటలు మానిన అన్నదమ్ములు, తండ్రి సమాధికి చెరియొక ప్రక్కను నిలిచి, ఒకరి మొగమొకరు చూడక కొవ్వొత్తులు వెలిగించుట నేను కన్నులార చూచితిని. వారు పాడు పాట మాత్రము ఒక్కటే.

1996 నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి మించి మరణించిరి. వేటకు పోయిన మత్స్యకారులు పెక్కుమంది మరల రాలేదు. ఎందరి దేహములో దొరకలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఈస్టరు వేకువను మా తోట గోడవద్ద ఒక వృద్ధురాలు వెలిగింపని కొవ్వొత్తి పట్టుకొని నిలిచియుండెను. ఉప్పాడ ప్రక్క పల్లెనుండి కూతురింటికి వచ్చినదట.

"అయ్యగారూ, మా ఆయన సముద్రంలోనే ఉండిపోయేడండి. ఇది నేనెక్కడ వెలిగించనండి?" అని అడిగెను.

నా జేబులో ప్రసంగము వ్రాసిన కాగితమున్నది. అందులో ఆమెకు చెప్పదగిన మాట ఒక్కటియు లేదు. నేను నీళ్లు నమలుచుండగా, దాపున ఒక చిన్న సమాధికి పూలు పెట్టుచున్న పడుచు తల్లి లేచి, తన బంతిపూలను ఒక ప్రక్కకు జరిపి, "ఇక్కడ పెట్టండమ్మా. మా బాబుకి తోడుగా ఉంటుంది" అనెను. ఆమె పెట్టెను. నేను నా ప్రసంగమును చదివితిని. ఎవరు వినిరో తెలియదు.

మరుసటి యేడు ఈస్టరుకు ముందటి సాయంకాలము నేను తోటకు పోవునప్పటికి ఆ వృద్ధురాలు సున్నపు బకెట్టుతో ఆ చిన్న సమాధివద్ద కూర్చుండియుండెను. బాబు తల్లి పురిటికి పుట్టింటికి పోయినదట. ఆ సంగతి విని యీమె ఉప్పాడనుండి బస్సెక్కి వచ్చినది. సమాధి నాలుగు వైపులను తెల్లగానుండెను.

"సున్నం ఇంకా మిగిలిందండీ అయ్యగారూ. పేరు లేనియ్యి ఏవైనా ఉంటే చూపించండి" అనెను.

తోట మూలను అట్టివి కలవు. బకెట్టు నేను పట్టుకొంటిని. చీకటి పడువరకు ఇద్దరము సున్నము వేసితిమి.