దొరువు నీరు

బకింగ్‌హాం కాలువకును సముద్రమునకును నడుమ, నెల్లూరు సీమ యిసుకపల్లెలలో ముప్పదియేండ్లకు పైబడి బడిపంతులుగా నుండి, యిప్పుడు విశ్రాంతి గొనుచున్నవాడను. మన తీరమున తీయని నీటి జాడ యెట్లు కనుగొనవలెనను విషయము నేడు మనవి చేయబోవుచున్నాను. దానికి ఉపోద్ఘాతముగా ఒక పిల్లవాని యాటను చెప్పవలసియున్నది. పెద్దలు నవ్వక వినవలెనని ప్రార్థన.

గడచిన వేసవిలో మా మనుమడు హైదరాబాదునుండి వచ్చెను. పండ్రెండేండ్లవాడు. రెండుదినములు అరుగుపై కూర్చుండి సెల్‌ఫోనునుండి కన్నెత్తడాయెను. కోపపడబోయి, యింత దీక్షతో వీడు చేయుచున్న తపస్సేమో చూతమని ప్రక్కన చేరితిని. ఆ యాట పేరు మైన్‌క్రాఫ్టు. స్వీడనుదేశమువారు నిర్మించి 2011 వ సంవత్సరమున పూర్తిరూపముతో వెలువరించినది. అందలి భూమియు, చెట్లును, కొండలును అన్నియు చదరపు దిమ్మెలు. ఆడువాడు వట్టిచేతులతో ఆ లోకమున దిగును. చెట్టు కొట్టి కఱ్ఱపలుగును, దానితో ఱాయి త్రవ్వి ఱాతిపలుగును, దానితో ఇనుము త్రవ్వి ఇనుపపలుగును తానే చేసికొనవలెను. ఇనుపపలుగు చేతికి రానిదే వజ్రము దక్కదు. ఆత్రపడి ఱాతిపలుగుతో కొట్టినచో దిమ్మె పగులును గాని వజ్రము మాయమగును. ఈ నియమము నాకు చాల నచ్చినది. నా శిష్యులలో ఱాతిపలుగువారు పెక్కండ్రుండిరి.

వజ్రములు ఆ లోకమున సముద్రమట్టమునకు నూటయిరువది దిమ్మెల దిగువను, అడుగుబండకు కొంచెము పైగా నెక్కువగా దొరకునట. అచ్చటనే కరగిన నిప్పుఱాతి మడుగులును ఉండును. కాళ్ల క్రిందికి నిట్టనిలువున త్రవ్వుకొనిపోవువాడు అందులో పడి మడియును. అందుచేత నేర్పరులు మెట్లు మెట్లుగా దిగి, ఆ లోతున అడ్డముగా సొరంగము సాగింతురు. మావాడు మూడుదినములు శ్రమించి నాలుగు వజ్రములు సంపాదించెను. వాని ముఖమున వెలుగు చూచి నాకును సంతోషమే కలిగినది.

"మఱి మంచినీళ్లకేమి చేయుదువురా?" అని యడిగితిని.

"అదేం పెద్ద పని, తాతయ్యా! చిన్న గుంట తవ్వి ఎదురెదురు మూలల్లో రెండు బకెట్ల నీళ్లు పోస్తే చాలు. ఇంక ఎన్ని తోడుకున్నా తరగవు" అనెను.

అందలి మనుష్యునకు ఆకలి కలదు గాని దప్పిక లేదట. నాకు నోట మాట రాలేదు. తరగని గుంట యున్నదని నమ్మి నేనొకప్పుడు చేసిన పని జ్ఞప్తికి వచ్చినది. దానిని మీకు చెప్పుటకే యీ ప్రసంగము.

మన తీరమున ఇసుకదిబ్బలయందు దొరువు లుండుట మీరెఱిగినదే. ఏటవాలుగా దిగి కడవ ముంచుకొనునట్లు, లోతు తక్కువగా వెడల్పు ఎక్కువగా త్రవ్విన గుంట దొరువు. కూతవేటు దూరమున సముద్రము ఘోషించుచుండగా ఈ గుంటలో తీయని నీరెట్లు నిలిచినది? మంచినీరు వేయిపాళ్లు తూగుచోట సముద్రపునీరు 1025 పాళ్లు తూగును. అందుచేత మన యీశాన్యపు వానలలో దిబ్బకింకిన నీరు, క్రిందనున్న ఉప్పునీటిపై పాలమీది మీగడవలె తేలుచుండును. హాలండుదేశపు ఇంజనీరు గైబెను 19 వ శతాబ్దము చివరను, జర్మనీదేశస్థుడు హెర్జ్‌బర్గు 1901 లోను దీనికి లెక్క కట్టిరి. సముద్రమట్టమునకంటె ఒక్క యడుగు ఎత్తున మంచినీరు నిలిచియున్నచో, ఆ మట్టమునకు దిగువను సుమారు నలువది యడుగులవఱకు మంచినీరే యుండునట. వినుటకు ఆనందముగానే యున్నది. ఈ లెక్కను తలక్రిందులు చేసి చూడుడు. పైమట్టము ఒక్క యడుగు పడిపోయినచో, కాలక్రమమున ఉప్పు నలువది యడుగులు పైకి వచ్చును.

ఈ లెక్క నేనెఱుగని కాలమున, 1988 లో, మా బడికి నీటివసతి చేయింపబూనితిని. సంస్కృతము చదివినవాడను గదా! వరాహమిహిరుని బృహత్సంహితలో నీటిజాడలను తెలుపు దగార్గళమను నధ్యాయము కలదు. నేరేడుచెట్టునకు తూర్పున దగ్గఱగా పుట్ట యున్నచో, చెట్టునకు దక్షిణమున రెండు పురుషప్రమాణముల లోతున తీయని నీరుండునని అందున్నది. పురుషప్రమాణమనగా చేతులెత్తి నిలిచిన మనుష్యుని పొడవు. బడివెనుక అట్టి నేరేడును, అట్టి పుట్టయు నుండెను. నా గర్వమునకు మేర లేకపోయెను.

ఆ చోటికి చేరువనే ఒక ముసలమ్మ దొరువు పెట్టుకొని, కడవలతో నీరు చల్లి సరుగుడునారు పెంచుకొనుచుండెడిది. గొట్టపుబావి త్రవ్వువారు వచ్చిననాడు ఆమె నాయొద్దకు వచ్చి, "అయ్యోరా, లోతుకు పోబాకండి. కింద ఉప్పు నిద్రపోతా ఉండాది, దాన్ని లేపబాకండి" అనెను. చదువురాని దాని మాట యేమిటని నేను నవ్వితిని. పదునైదడుగులలోపలనే నీరు పడినది. శాస్త్రము చెప్పినంతతో ఆగినచో చాలియుండును. బడిపిల్లలు ఇన్నూఱుమంది యున్నారు, ఇంకను లోతైన ఇంకను నీరుండునని తలచి అరువదియడుగులు పోనిచ్చి, మోటారు పెట్టించితిని.

మొదటి యేడు ఊరంతయు నన్ను పొగడినది. రెండవ వేసవిలో నీరు చప్పబడినది. మూడవ వేసవిలో పిల్లలు నోటబోసికొని ఉమియసాగిరి. మోటారు పైనుండి మంచినీటిని లాగుకొలది, దానిక్రింది ఉప్పు గోపురమువలె పైకెగసినది. మా బావితో అది నిలువలేదు. ముసలమ్మ దొరువును ఉప్పయినది. నారు మాడిపోయినది. ఆమె అరకోసు దూరపు దొరువునుండి నీరు మోసికొని రాసాగెను. దారిలో నేనెదురైనపుడు కడవ దించి నమస్కారము చేసెడిదే గాని ఒక్కనాడును నన్నొక మాట యనలేదు. అనియుండినచో నాకు తేలికగా నుండెడిది. మోటారు తీయించితిని. అయిదాఱు వానకాలములు గడచినపిమ్మట ఆ దొరువున మరల తీపి యూరినది. అప్పటికి ఆమె లేదు.

అటుతరువాత తీరమునకు వేఱు చిక్కులు వచ్చినవి. రొయ్యలచెఱువుల సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. తీరపుటెల్లలోపల వానిని త్రవ్వరాదని 1996 డిసెంబరు 11 న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2005 లో పార్లమెంటు వేఱొక చట్టము చేసి, తీరపు జలసాగుపై అధికారసంస్థను ఏర్పఱచెను. ఆ వివాదము వకీళ్లకు విడిచెదను. నా కంటికి కనబడున దొక్కటే: ఉప్పునీరు నిలిపిన మడికి ఆనుకొని దొరువు బ్రదుకదు. ఇసుకను బండ్లకెత్తుట అంతకంటె హెచ్చు కీడు. దిబ్బయే మన కుండ. అంచు విఱిగినచో కుండలో నీరెంత నిలుచును? పంచాయతీలో ఇసుకకు బేరము వచ్చినపుడు మీరు రూపాయలతోపాటు ఆ యడుగు లెక్కయు వేసికొనవలెను.

ఎక్కువ నీరు కావలసినవారికిని త్రోవ యున్నది. బాపట్ల వ్యవసాయశాస్త్రజ్ఞులు దొరువునే మెఱుగుపఱచిరి. నడుమ ఒక బావి కట్టి, నీటిమట్టమునకు కొంచెము దిగువను చిల్లుల గొట్టములను ప్రక్కలకు అడ్డముగా పఱతురు. పైపొర నీరు మాత్రము మెల్లగా బావిలోనికి చేరును. మీగడను గరిటెతో తీసినట్లన్నమాట.

మఱునాటి యుదయమున మనుమని ఆ దొరువునొద్దకు తీసికొనిపోయితిని. ఎండకాలమగుటచే నీరడుగంటియున్నది. వాడు చేతులతో ఇసుక తోడగా జానెడులో తడి కనబడెను, మూరెడులో నీరూరెను. పుక్కిట బట్టి, "తియ్యగా ఉన్నాయే! సముద్రం అదిగో అక్కడే ఉందే!" అని ఆశ్చర్యపడెను. గొట్టముల సంగతి చెప్పగా, "వజ్రాలకి మేమూ అడ్డంగానే తవ్వుతాం" అనెను. పిమ్మట గుంటను ఇంకను లోతు చేయబోయెను. చేయి పట్టుకొంటిని.

"మఱి కడవ నిండేదెలా, తాతయ్యా?"

"ఊరనిమ్ము, నాయనా."

వాడు ఫోను నాచేతికిచ్చి, కడవ ప్రక్కన పెట్టుకొని, గట్టున కూర్చుండెను. కడవ నిండుటకు అరగంటకు పైగా పట్టినది.