కొండదారి గుఱ్ఱము – నిత్య సంరక్షణ

(మన్య ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పాడేరు, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతములలో వారపు సంతను చూచిన వారికి గుఱ్ఱమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. జీపు ఎక్కలేని కొండదారిని మిరియాలు, పసుపు, కాఫీ గింజలు, రాజ్మా చిక్కుళ్లు దిగివచ్చునది దాని వీపుమీదనే. తిరుగు ప్రయాణమున బియ్యము, ఉప్పు, నూనె ఎక్కిపోవునదియు దాని వీపుమీదనే. రోడ్డు పడిన ఊళ్లలో దాని అవసరము తగ్గినది. రోడ్డు చేరని గూడెములలో నేటికిని అదియే బండి, అదియే లారీ.

మేమొక పర్యటనలో సంతకు వెళ్లియుండగా ఒక రైతు తన గుఱ్ఱమునకు ఇరువైపుల ఒక్కొక్క బియ్యపు బస్తాను కట్టుచుండెను. వీపుమీది గంత కొంచెము జరుగగా దాని క్రింద అరచేయంత పుండు కనబడెను. "ఇట్టి పుండుపై బరువు వేయవచ్చునా?" అని అడిగితిమి. అతడు కోపింపలేదు. "గుఱ్ఱము నిలిచిన మా పొయ్యి నిలుచునయ్యా" అనెను. ఆ మాటకు మావద్ద వెంటనే సమాధానము లేకపోయెను. అతడు క్రూరుడు కాడు. కాని పుండుతో నడిపించిన గుఱ్ఱము ఒకనాడు కూలబడక తప్పదు. ఆనాడు పొయ్యి మరింతకాలము నిలుచును. ఈ చిక్కును ఒంటరి రైతు విప్పుకొనలేడు, పంచాయతీ విప్పగలదు. అది ఎట్లో తుదను మనవి చేసెదము. ముందుగా ఇంటివద్ద చేయవలసిన పనులను చూతము.

మొదటిది మేత. ఎద్దువలె గుఱ్ఱము నెమరు వేయదు. దాని పొట్ట చిన్నది. తిన్నది కక్కుటయు దానికి చేతకాదు. కావున కొంచెము కొంచెముగా పలుమారులు మేయుట దాని స్వభావము. పగలంతయు పస్తుంచి రాత్రి ఒక్కమారుగ గంపెడు దాణా పోసినచో కడుపుశూల వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. గరిక, పచ్చగడ్డి, ఎండుగడ్డి దానికి ముఖ్యాహారము. నానబెట్టిన ఉలవలు, తవుడు శ్రమనుబట్టి మితముగ పెట్టవలెను. బూజు పట్టిన మేతను ఎన్నడును వేయరాదు. చెమట పట్టి వచ్చిన గుఱ్ఱమునకు ఒక గంట విశ్రాంతి ఇచ్చిన పిమ్మటనే దాణా పెట్టవలెను. ఉప్పుగడ్డను నాకుటకు అందుబాటులో నుంచుట మేలు.

రెండవది నీరు. పని చేయు గుఱ్ఱము, చిన్నదైనను, దినమునకు 20 లీటర్లకు తక్కువ కాకుండ త్రాగును; ఎండకాలమున ఇంకను ఎక్కువ. అలసిన గుఱ్ఱమునకు నీరు పెట్టరాదను మాట మన పల్లెలలో కలదు. అది సరికాదు. కొలదికొలదిగ పలుమారులు త్రాగనిచ్చిన హాని లేదు. దాహముతో నుంచుటయే హాని.

మూడవది గిట్టలు. ప్రతి ప్రయాణమునకు ముందును, తరువాతను నాలుగు గిట్టలను ఎత్తి చూడవలెను. సందులలో చిక్కిన రాళ్లు, బురద తీయవలెను. దుర్గంధము వచ్చినచో గిట్ట కుళ్లుచున్నదని గ్రహింపవలెను. ఆరు మొదలు ఎనిమిది వారములకొకమారు పెరిగిన గిట్టను తెలిసినవానిచే కోయించవలెను. రాత్రి కట్టు తావు పొడిగా నుండవలెను. మేకు గ్రుచ్చుకొన్నను, పుండు పడినను ధనుర్వాతము గుఱ్ఱమునకు సులభముగ సోకును గావున పశువైద్యుని అడిగి ముందుగనే టీకా వేయించుట క్షేమము.

నాలుగవది వీపు. గంత వేయుటకు ముందు వీపును అరచేతితో నిమిరి చూడుడు. ఎక్కడైన వాపో, వేడియో తగిలినచో ఆనాడు బరువు వేయరాదు. గంతలో ముడులు, గట్టి కుట్లు లేకుండ చూచి, తడిసిన గంతను ఎండబెట్టుడు. 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము తట్టువపై, అనగా చిన్న గుఱ్ఱముపై, వేయదగిన బరువు 70 కిలోలకు మించరాదు. మన కొండలలోనివి చాలవరకు తట్టువలే. 50 కిలోల బస్తాలు రెండైనచో 100 కిలోలగును! దినమునకు తొమ్మిది గంటలకు మించియు, విరామము లేక ఐదు గంటలకు మించియు పని చేయించరాదని కూడ ఆ నియమములు చెప్పుచున్నవి.

ఐదవది మనస్సు. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. ఒంటరిగ కట్టివేసిన అది దిగులుపడును. మరియొక గుఱ్ఱము కనబడు చోట కట్టుడు. అది నిలువుకాళ్లపై కునికినను, గాఢనిద్రకు పండుకొనవలెను. ముందుకాళ్లకు బందము వేసి రాత్రియంతయు విడుచుట మంచిది కాదు. కొట్టుటకంటె పలుకుటచేతనే అది త్వరగా నేర్చుకొనును. మేత ఆసక్తితో తినుట, పేడ ఎప్పటివలె వేయుట, చెవులు నలువైపుల కదలించుట – ఇవి కులాసాకు గుర్తులు. మేత మాని, నేలను గీరుచు, డొక్కవైపు చూచుకొనుచు, పొర్లుచున్నచో కడుపుశూల అని తెలిసికొని వెంటనే 1962 నెంబరుకు ఫోను చేయుడు. మందును బలవంతముగ గొంతులో పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ముక్కు నుండి చిక్కని చీమిడి కారుచు, చర్మముపై గడ్డలు, పుండ్లు లేచినచో దానిని వేరుగ నుంచి పశువైద్యునికి తెలుపుడు. అది మనుష్యులకు సైతము సోకు గ్లాండర్స్ వ్యాధి కావచ్చును.

ఇక పంచాయతీ పని. షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామ సంతల నిర్వహణాధికారము గ్రామసభలకును, పంచాయతీలకును ఉండవలెనని 1996 నాటి కేంద్ర చట్టము నిర్దేశించినది. సంతలో గుఱ్ఱముల కొరకు ఒక నీళ్ల తొట్టియు, నీడగల కట్టుతావును ఏర్పరచుట ఆ అధికారమునకు తగిన పని. అచటనే ఒక కాటాను ఉంచి బస్తాలను 35 కిలోల చొప్పున రెండుగా సర్ది కట్టించవచ్చును. రెండు నెలలకొకమారు గిట్టలు కోయువానిని, పశువైద్యుని సంతరోజున పిలిపించవచ్చును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది వంతుల ఏర్పాటు. ఒకని గుఱ్ఱము పుండుపడి విశ్రాంతిలో నున్నంతకాలము, అతని సరుకును గూడెములోని తక్కిన గుఱ్ఱములు వంతులవారీగ మోయవలెను. రేపు వారి గుఱ్ఱము కుంటుపడిన ఇతని గుఱ్ఱము మోయును. ఇందులకు ఖర్చు లేదు. గ్రామసభలో ఒక తీర్మానము, ఒక చిన్న పుస్తకము చాలును. ఆనాడు సంతలో ఆ రైతు పలికిన మాటకు మేము చెప్పలేకపోయిన సమాధానము ఇదియే. గుఱ్ఱము నిలిచినను పొయ్యి నిలువనక్కరలేని గూడెములో ఏ రైతును పుండుపై బస్తా కట్టడు.

రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగ మిమ్ము కోరుచు, మా ప్రసంగమును ముగించుచున్నాము.