పాత ప్రింటింగ్ మెషీన్ మార్చే ముందు ఈ లెక్క వేసుకోండి

ఇవాళ కొత్త ఫోన్ గురించి కాదు, ఒక ముసలి మెషీన్ గురించి మాట్లాడుకుందాం.

నేను పనిచేసే కాలేజీలో చిన్న ప్రింటింగ్ రూమ్ ఉంది. క్వశ్చన్ పేపర్లు బయట కొట్టించం. లీకైతే పిల్లలు మునిగిపోతారు కదా, అందుకని. మొన్న పరీక్షలకు ముందు రోజు సాయంత్రం, ఉన్న ఒక్క రిసోగ్రాఫ్ కాగితం లాగడం మానేసింది. రోలర్ అరిగిపోయింది. ఆ పాత మోడల్‌కి స్పేర్లు దొరకట్లేదు. మా ఆపరేటర్ బాబాయ్ రోలర్ తుడిచి, పక్కనే కూర్చుని, కొన్ని కొన్ని కాగితాలు పెడుతూ రాత్రి రెండింటిదాకా కొట్టాడు. పరీక్ష గట్టెక్కింది. మర్నాడే ప్రిన్సిపాల్ గారు "కొటేషన్లు తెప్పించండి" అన్నారు.

మేం ముందు కొటేషన్లు అడగలేదు. నెల రోజులు ఒక నోట్‌బుక్ పెట్టి, ప్రతి పనికీ ఒరిజినల్స్ ఎన్ని, కాపీలు ఎన్ని అని రాశాం.

ఎందుకంటే రిసోగ్రాఫ్, జెరాక్స్ మెషీన్ ఒకటి కాదు. రిసోగ్రాఫ్ ప్రతి పేజీకీ ఒక మాస్టర్ తయారు చేస్తుంది. అంటే సన్నటి షీట్ మీద వేడితో చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, డ్రమ్‌కి చుట్టి, లోపల్నుంచి ఇంకు పంపిస్తుంది. 10 కాపీలు తీసినా, 1000 తీసినా మాస్టర్ ఖర్చు ఒకటే.

లెక్క అర్థం కావడానికి ఊరికే కొన్ని అంకెలు అనుకుందాం. మాస్టర్ 50 రూపాయలు, ఇంకు కాపీకి 10 పైసలు. జెరాక్స్ కాపీకి 50 పైసలు. 30 కాపీలైతే రిసోగ్రాఫ్‌లో 53 రూపాయలు, జెరాక్స్‌లో 15. అదే 500 కాపీలైతే రిసోగ్రాఫ్‌లో 100, జెరాక్స్‌లో 250. 125 కాపీల దగ్గర రెండూ సమానం. మీ రేట్లు వేసి మీ అంకె కనుక్కోండి.

మా నోట్‌బుక్ చూస్తే క్వశ్చన్ పేపర్లన్నీ వందల్లో, సర్క్యులర్లు పదుల్లో ఉన్నాయి. అందుకే ఒక పెద్ద కలర్ మెషీన్ ఆలోచన మానేసి, ఒక కొత్త డూప్లికేటర్, ఒక చిన్న కాపియర్ అడిగాం.

కొనేటప్పుడు నిమిషానికి ఎన్ని పేజీలు అని మాత్రమే చూడకండి. సర్వీస్ ఇంజనీర్ ఏ ఊరి నుంచి వస్తాడు? స్పేర్లు ఎన్నేళ్లు ఇస్తారు? ఇవి కాగితం మీద రాయించుకోండి.

ఇంకోటి, చాలామందికి తెలీనిది. వాడేసిన మాస్టర్ మీద పేపర్ మొత్తం చదవచ్చు! ఆ డబ్బాని చెత్తబుట్టలో పోయకండి, చించి పారేయండి. చాలా డిజిటల్ కాపియర్లలో హార్డ్ డిస్క్ ఉంటుంది, అందులో పేజీలు మిగిలిపోవచ్చు. పాత మెషీన్ అమ్మే ముందు ఆ డిస్క్ చెరిపించండి, లేదా తీసేయించండి.

కొత్తది రాగానే పాతదాన్ని పంపేయకండి. కనీసం ఒక పరీక్షల సీజన్ రెండూ పక్కపక్కనే ఉండాలి.

చివరగా, బాబాయ్ నన్ను మెల్లగా అడిగాడు: "కొత్తదొస్తే నాకు పనుంటుందా?" ఆ మాటకి మనసు చివుక్కుమంది. అందుకే ఆర్డర్‌లోనే, ఇంజనీర్ వచ్చి ఆయనకి ట్రైనింగ్ ఇవ్వాలని రాయించాం. మెషీన్ ఎంత కొత్తదైనా, రాత్రి రెండింటికి దాని పక్కన కూర్చునేది మనిషే కదా.