పెట్ట ఎవరిది? పెరటి కోళ్ళు, స్త్రీల హక్కులు

(గోదావరి జిల్లాల మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ భూమి హక్కు గురించి, హింస గురించి, సంఘాల అప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను కోళ్ళ గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వు రావచ్చు. ఆ నవ్వు కొత్తదేమీ కాదు. తన కోడీ, కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను మన సామెత ఎన్ని తరాలుగానో వెక్కిరిస్తూనే ఉంది. ఆ ముసలమ్మకున్న ఆస్తి ఆ రెండే అన్న సంగతి మాత్రం సామెత చెప్పేవాళ్ళకు తట్టదు.

కోనసీమ లంకల్లోనూ, తణుకు, పెనుగొండ వైపు పల్లెల్లోనూ నా పరిశోధన కోసం తిరిగినప్పుడు ఒక విషయం గమనించాను. మీకేం ఆస్తి ఉందమ్మా అని అడిగితే, మాకేముందండీ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఇంట్లో ఎవర్నీ అడక్కుండా మీరు అమ్ముకోగలిగింది ఏముంది అని అడిగితే జవాబు మారుతుంది. గేదె అంటే మగాడిని అడగాలి. బంగారమంటే అత్తగారిని అడగాలి, అదీ తాకట్టులో లేకపోతే. చివరికి మిగిలేవి కోడిపెట్ట, నాలుగు గుడ్లు.

మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచి ఉంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మంచి చట్టమే. కానీ కుటుంబానికే భూమి లేని దళిత స్త్రీకి, కౌలు చేసుకునే ఇంటి స్త్రీకి ఆ వాటాలో వచ్చేదేమిటి? వాళ్ళ విషయంలో ఆస్తి గురించిన ప్రశ్న పెరట్లో మొదలవుతుంది. పిల్లవాడి నోటు పుస్తకం, జ్వరం మాత్రలు, వారం వాయిదాలో తక్కువ పడిన వంద, పుట్టింటికి వెళ్ళడానికి బస్సు చార్జీ, ఇవన్నీ కోడి మీద గడుస్తాయి. చెయ్యి ఎత్తిన మొగుడి దగ్గర్నుంచి ఒక రాత్రి బయటపడి బస్సెక్కడానికి చేతిలో ఉన్న డబ్బు గుడ్లమ్మిన డబ్బే కావచ్చు. అందుకే దీన్ని నేను హక్కుల విషయమంటున్నాను.

పెట్ట ఆమెది, పుంజు అతనిది

ఈ ఆస్తి మీద కూడా ఆమెకు పూర్తి అధికారం లేదు. అల్లుడొచ్చినా, మొగుడి స్నేహితులొచ్చినా కోసేది ఆమె పెంచిన కోడినే. వండేదీ ఆమే. నాలుగు నెలలు కాపాడుకున్న పెట్టుబడి ఒక్క పూటలో విస్తట్లోకి వెళ్ళిపోతుంది. వద్దంటే మర్యాద తెలియనిదంటారు.

ఇదే పెరట్లో ఇంకో కోడి కూడా ఉంటుంది, పందెం పుంజు. దానికి కాకి, డేగ, నెమలి, పింగళ, పర్ల అంటూ ఈకల రంగును బట్టి పేర్లున్నాయి. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం ఉంది. బాదం పప్పు, ఉడికించిన గుడ్లు, మటన్ కీమా దాని ఆహారం. ఆ గుడ్లు ఉడికించేదీ, కీమా కొట్టేదీ, కట్టేసిన చోట ఊడ్చేదీ ఆ ఇంటి ఆడవాళ్ళే. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల్లో చేతులు మారే డబ్బులో మాత్రం వాళ్ళకు వచ్చేది లేదు, పోయినప్పుడు తాకట్టు పెట్టే గాజులు తప్ప. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లోనే వచ్చింది. రాష్ట్ర జూద నిరోధక చట్టం 1974 నాటిది. పందేలు ఆపమని 2016లో హైకోర్టు కూడా ఆదేశించింది. అయినా బరులు ఆగలేదు. నేనిక్కడ చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఒకే జాతి పక్షిలో మగాడి చేతిలో ఉన్నది సంప్రదాయం, పౌరుషం అనిపించుకుంటుంది. ఆడదాని చేతిలో ఉన్నది కాలక్షేపం అనిపించుకుంటుంది.

పనిగా కనపడని పని

కోళ్ళు వాటంతటవే తిరిగి తింటాయి, పనేముంది అంటారు. ఉన్న పని చూద్దాం. తెల్లవారుజామున గూడు తియ్యాలి, గూడు కింద ఎరువెత్తాలి. ఏ పెట్ట గుడ్డు పెట్టబోతోందో పట్టి చూసుకుని గంప కింద మూయాలి. లేకపోతే పక్కవాళ్ళ గడ్డిమేటులో పెట్టి వస్తుంది. పొదుగుడుకొచ్చిన పెట్టకు పది, పన్నెండు గుడ్లు వేసి 21 రోజులు కనిపెట్టుకుని ఉండాలి. పిల్లలు దిగిన తర్వాత పగలు గద్ద, కాకి, కుక్క, ముంగిస. రాత్రి పిల్లి, పందికొక్కు. వానాకాలంలో గూట్లోకి పాము. పన్నెండు గుడ్లలో పది పిల్లలైనా, అందులో సగం పెద్దవైతే అదృష్టమే. సాయంత్రం లెక్క చూసుకున్నప్పుడు ఒకటి తగ్గితే దీపం పట్టుకుని వీధంతా వెతికేది ఆమే.

తగాదాలు మరో వైపు. కోడి ఆకుమడిలో పడిందనీ, ఆరబోసిన ధాన్యం కెలికిందనీ గొడవలు వస్తాయి. ఈ గొడవకు కులం కూడా ఉంటుంది. పెద్ద రైతు కోడి మా వాకిట్లోకొస్తే అదిలిస్తాం, మా కోడి వాళ్ళ మడిలోకెళితే రాళ్ళేస్తారని దళితవాడల స్త్రీలు చెబుతారు. చేలో చల్లిన గుళికలు తిని కోళ్ళు చచ్చిపోతే అడిగే దిక్కే ఉండదు.

ఇంత పనికీ లెక్కల్లో చోటు లేదు. జాతీయ నమూనా సర్వే వాళ్ళు ఇంటిపని చేసుకునే వాళ్ళకు 92, 93 అని రెండు సంకేత సంఖ్యలు పెట్టారు. ఇంటిపనితోపాటు కట్టెలూ, గడ్డీ తెచ్చుకునే వాళ్ళు 93 కిందికి వస్తారు. ఈ అంకెల్లో పడిన స్త్రీ శ్రామికురాలు కాదు. కోడిని లెక్కపెడతారు కానీ దాన్ని పెంచిన మనిషిని లెక్కపెట్టరు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు దాదాపు 31 కోట్ల 70 లక్షలు. 2012 కన్నా దాదాపు 46 శాతం ఎక్కువ. పోతున్న పాత పని కాదిది, పెరుగుతున్న పని.

టీకా పదకొండింటికి, కోడి ఆరింటికి

పెరటి కోళ్ళకు అన్నిటికన్నా పెద్ద శత్రువు కొక్కెర తెగులు. మెడ వంకర తిరిగి, పచ్చగా పారుకుని, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. ఒకదానికి సోకగానే మిగిలినవాటిని అయినకాడికి అమ్మేస్తారు, కోసుకు తినేస్తారు. దాంతో తెగులు పక్క ఊరికీ పోతుంది. దీనికి మందు లేదు, టీకా ఉంది. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లాసోటా చుక్క, రెండు నెలలప్పుడు రెక్క కింద ఆర్2బి సూది. ఖరీదు ఎక్కువేమీ కాదు. మరి ఎందుకు అందదు?

ఒకటి, ఒక్కో సీసాలో సాధారణంగా వంద కోళ్ళకో అంతకన్నా ఎక్కువకో సరిపడా మందు ఉంటుంది. ఐదు కోళ్ళున్న మనిషి దాన్నేం చేసుకుంటుంది? రెండు, దాన్ని మంచులో ఉంచాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. మూడు, వేసేవాళ్ళు వచ్చే వేళ. పదకొండింటికి వస్తే కోళ్ళు మేతకు పోయి ఉంటాయి, ఆమె నాట్లకు పోయి ఉంటుంది. కోడి చేతికి చిక్కేది గూడు తియ్యక ముందు, లేదా పొద్దుగూకాక. ప్రభుత్వ పశువైద్య వ్యవస్థ గేదెను దృష్టిలో పెట్టుకుని ఏర్పడింది, కోడిని కాదు.

దీనికి దారి లేకపోలేదు. డెల్టా దాటి తూర్పు మన్యంలోకి వెళితే, అడ్డతీగల వైపు ఆదివాసీ స్త్రీలతో ఆంత్ర సంస్థ అసీల్ కోళ్ళ మీద పనిచేసింది. ఆ సంస్థను పెట్టింది మహిళా పశువైద్యులు. టీకా వెయ్యడం ఊరి స్త్రీలకే నేర్పారు. పెట్టను వాటాకిచ్చి పిల్లల్ని పంచుకునే పాత పద్ధతిని, కోడి లేని ఇంటికి కోడి చేర్చే మార్గంగా మళ్ళీ వాడుకున్నారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఐ-2 అనే టీకా వాడుతున్నారు. ఎండను కొంత తట్టుకుంటుంది, కంట్లో చుక్క వేస్తే చాలు. అక్కడ కూడా ఊరి స్త్రీలు ఈ పని చేస్తున్నారు. తెల్లవారుజామున పొరుగింటికి వెళ్ళి గూటి దగ్గర నిలబడగలిగింది ఆ ఊరి మనిషే.

మేలు జాతి పిల్లల్ని పంచే పథకాల గురించి ఒక్క మాట. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ ఎక్కువ గుడ్లు పెడతాయి, కానీ పొదగవు. బరువెక్కువ గనక వనరాజా కుక్క నుంచి తప్పించుకోవడం కష్టం. పిల్లల కోసం మళ్ళీ మళ్ళీ హేచరీకి వెళ్ళాలి. నాటు పెట్ట తనంతట తాను మందను పెంచుతుంది. ఏది కావాలో స్త్రీలను అడిగి ఇవ్వండి అంటున్నాను, వద్దని కాదు.

పట్టా ఉంది, పెరడు లేదు

డెల్టాలో కోడికి తిండి పొలం నుంచి వచ్చేది. కళ్ళం అంచున రాలిన గింజ, ఆడవాళ్ళు ఏరుకొచ్చిన పరిగ, ఇంట్లో తవుడు, నూకలు. కోతమిషను వచ్చాక కళ్ళం పోయింది, పరిగా పోయింది. వరి పొలాలు చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ అయిన చోట అసలు గింజే లేదు. తవుడు కొనాల్సిందే.

తర్వాత పెరడు. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. పట్టా స్త్రీ పేరున ఇచ్చారు. దానికోసం మనం ఏళ్ళ తరబడి అడిగాం, సంతోషమే. కానీ పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర, అంటే డెబ్బై రెండు గజాల పైచిలుకు. ఇల్లు కట్టాక గంప పెట్టే చోటు కూడా మిగలదు. ఆమె పేరున ఇల్లొచ్చింది, ఆమె సంపాదన పోయింది. తర్వాతి ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామంది. ఆ స్థలం ఎంతో అడిగినట్టే, అందులో పెరడెంతో కూడా మనం అడగాలి.

చచ్చిన కోడికి సాక్ష్యం

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూసింది అప్పుడే. లంకల్లో మనుషుల్ని పడవలెక్కించారు. కోడిగంపను పడవ ఎక్కించనిచ్చేదెవరు? 2022 నుంచి 2026 వరకు కేంద్రం ఇచ్చిన విపత్తు సాయం నిబంధనల్లో కోడికి 100 రూపాయలు, ఇంటికి 10,000 మించకుండా అని ఉంది. కాగితం మీద ఉంది. కానీ వరదలో కొట్టుకుపోయిన కోడి ఉండేదని ఎలా రుజువు చెయ్యాలి?

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ప్రయోగశాల తేల్చింది. ఫారం చుట్టూ కిలోమీటరు లోపల కోళ్ళన్నిటినీ చంపాలన్నది నిబంధన. పెరటి కోళ్ళూ అందులోనే. పరిహారం అధికారులు లెక్కపెట్టి చంపిన కోళ్ళకే, అంతకు ముందే చచ్చినవాటికి లేదు. రోగాన్ని తేలిగ్గా తీసుకోమని నేననడం లేదు. ఆ ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప ఈ వైరస్‌తో చనిపోయింది. చచ్చిన కోడిని ఒట్టి చేతులతో ఎత్తి పారేసేదీ, ఈకలు పీకేదీ ఎవరో మనకు తెలుసు. జాగ్రత్తలు మొదట చెప్పాల్సింది ఆమెకు. ఫారం యజమానికి రిజిస్టరుంది, బ్యాంకు అప్పు కాగితముంది, సంఘముంది. పెద్ద ఫారాల వాళ్ళు 1982లోనే గుడ్ల సమన్వయ కమిటీ పెట్టుకుని ధర తామే ప్రకటించుకునే దాకా వచ్చారు. ఆరు కోళ్ళున్న స్త్రీకి ఏ కాగితమూ లేదు, ఏ సంఘమూ లేదు.

మనం చెయ్యగలిగింది

ఒకటి, ప్రతి మహిళా సంఘంలో కోళ్ళ పుస్తకం పెట్టాలి. నెలకోసారి ఎవరికెన్ని పెట్టలు, ఎన్ని పిల్లలు, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయో రాయాలి. వరదొచ్చినా, రోగమొచ్చినా అదే సాక్ష్యం. కోడి ఇంటి యజమాని పేరున కాక పెంచినామె పేరున ఉండాలి.

రెండు, వాడకు ఇద్దరు స్త్రీలకు టీకా నేర్పించి, దానికి కూలి ఇప్పించాలి. ఉచిత సేవ పేరుతో ఇంకో వేతనం లేని పని వాళ్ళ నెత్తిన పెట్టకూడదు. వాడంతా ఒకే పొద్దున వేయించుకుంటే సీసా వృథా కాదు.

మూడు, పరిహారం కోసం వేసే లెక్కలో రోగంతో ముందే చచ్చినవి కూడా చేరాలి. అప్పుడే జబ్బును దాచకుండా చెబుతారు, అది అందరికీ రక్ష.

నాలుగు, ఇళ్ళ కాలనీల్లో ఉమ్మడి గూళ్ళకు స్థలం అడగాలి.

చివరిగా కార్యకర్తలకు నా విన్నపం. మీ సర్వే ఫారాల్లో ఆస్తి కింద భూమి, ఇల్లు, బంగారం, పశువులు అని నాలుగు గడులుంటాయి. కోళ్ళకు ఐదో గడి గీయండి. దాని పక్కన, అమ్మే నిర్ణయం ఎవరిది, డబ్బు ఎవరి చేతికొస్తుంది అని రెండు ప్రశ్నలు రాయండి. వచ్చే సమావేశానికి ఆ జవాబులు తీసుకురండి. భూమి హక్కు గురించి మన చర్చను అక్కడ్నుంచి మొదలుపెడదాం.