నడకకు కంప్యూటరు లెక్క
(కామారెడ్డి, ఎల్లారెడ్డి పెన్షనర్ల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. కనుక నడకను లెక్కగానే చెబుతాను.

శాస్త్రజ్ఞులు కంప్యూటరులో ఒక బొమ్మ మనిషిని తయారు చేస్తారు. పాదం, పిక్క, తొడ, మొండెం - ఒక్కొక్కదానికి ఇంత పొడవు, ఇంత బరువు. కీళ్ల దగ్గర మడత బందులు, కండరాల చోట లాగే తాళ్లు. మిగతాది న్యూటన్ సూత్రాల పని. 2001లో అమెరికాలో ఆండర్సన్, పాండీ అనే ఇద్దరు 54 కండరాల బొమ్మకు అడుగు మొదటి, చివరి భంగిమలు ఇచ్చి, తక్కువ శక్తితో దూరం గడవాలని మాత్రం చెప్పారు. వచ్చిన నడక దాదాపు మన నడకే! శరీరం కూడా పెన్షనరు లాగే పొదుపరి అన్నమాట.

ఇక మనకు పనికివచ్చే సంగతి. నడిచేటప్పుడు ఒక కాలు గాలిలో ఉంటుంది. నడుము ఆ వైపు ఒరిగిపోకుండా, నేల మీది కాలి తుంటి ప్రక్క కండరం బిగించి లాగాలి. ఆ కండరం కీలుకు దగ్గర, ఒంటి బరువు దూరం. ఒక చేయి పొట్టిగా ఉన్న త్రాసు వంటిది. కాబట్టి కండరం ఒంటి బరువు కంటే ఎక్కువే లాగవలసి వస్తుంది. లాగుడు, బరువు రెండూ కలిసి కీలు మీదనే పడతాయి. బెర్లిన్‌లో కృత్రిమ తుంటి కీలులోనే కొలత పరికరాలు అమర్చి చూశారు. 2001లో ప్రకటించిన ఫలితం: మామూలు నడకలో ఒంటి బరువుకు దాదాపు 2.4 రెట్లు. 60 కిలోల మనిషికి 140 కిలోల పైమాటే.

కుడి తుంటి నొప్పి అయితే చాలామంది కర్రను కుడి చేత్తోనే పట్టుకుంటారు. ఎడమ చేత్తో పట్టాలి, కుడి కాలితో పాటు కర్ర పడాలి. ఆ చేయి కీలుకు దూరం గనుక కొద్దిపాటి ఒత్తిడే కండరానికి ఎంతో పని తగ్గిస్తుంది. కర్ర పారేయవద్దని 1956లోనే బ్లౌంట్ అనే ఎముకల డాక్టరు వ్యాసం రాశారు. ముసలివాడంటారని కర్రను తలుపు వెనుక దాచేవారు మనలోనూ ఉన్నారు, పేర్లు చెప్పను.

మన హైదరాబాదులో అబ్దుల్ కలాం గారు, నిమ్స్‌లో పిల్లలు 3 కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్వటం చూసి, క్షిపణులకు వాడే తేలిక పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. పాదం దగ్గరి బరువును అడుగడుగునా ఊపాలి కదా! మన చెప్పులకూ అదే లెక్క.

బస్సు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. చెప్పులు వేసుకుని చేయి వేలాడదీస్తే కర్ర పిడి మణికట్టు ముడతకు రావాలి, చివర రబ్బరు బుష్ అరిగితే మార్చాలి. కర్ర తెచ్చుకున్నవారు భోజనాలయ్యాక నా దగ్గరకు రండి, ఎత్తు చూద్దాం. సెలవు.