నిచ్చెన మీద ఎన్నో మెట్టు?



లండన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, పై అధికారులకంటే అట్టడుగు గ్రేడువారిలో గుండెజబ్బు మరణాలు దాదాపు మూడు రెట్లు. పొగతాగడం, బీపీ లెక్కగట్టినా తేడా పూర్తిగా పోలేదు. అందరూ ప్రభుత్వోద్యోగులే మరి! 2008లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ వేసి చూశారు. సమాజమనే నిచ్చెనపై కింది మెట్టున ఉన్నామనుకున్నవారికే జలుబు ఎక్కువగా చేసింది, అసలు ఆదాయం, చదువు ఎంతైనా సరే. మా ఇంజినీర్ల లోడ్ లెక్కలకు అందని బరువిది.

మన బ్యాచ్‌లో ఒకడికి నిరుడు ఉద్యోగం పోయింది. ఈరోజు రమ్మంటే, “ఆ కార్ల మధ్య నేనెందుకురా?” అన్నాడు ఫోన్లో. పదో తరగతిలో నాకు లెక్కలు నేర్పింది వాడే.

కమిటీకి ఒక్క మనవి: వచ్చే ఏడాది బ్యాడ్జీల మీద పేరు, బ్యాచ్ చాలు. హోదా వద్దు.