బిడ్డ పడిపోతే గంట నొక్కే కుక్క

మూర్ఛ ఉన్న పిల్లలకు సాయపడే కుక్కలు రెండు రకాలు. ఫిట్స్ రాబోతున్నాయని ముందే పసిగట్టి హెచ్చరించేవి మొదటి రకం. ఫిట్స్ వచ్చాక పెద్దల్ని పిలిచి బిడ్డ దగ్గరుండేవి రెండో రకం. పత్రికల్లో పేరంతా మొదటిదానిది, ఇంట్లో అక్కరకొచ్చేది రెండోది. ముందే పసిగట్టడం నేర్పితే వచ్చే విద్య అని గట్టిగా చెప్పడానికి తగిన ఆధారం లేదు. గంట నొక్కడం మాత్రం తగిన కుక్కా, ఓపికా ఉన్న ఇంట్లో నెలల తరబడి సాధనతో నేర్పగలిగిన పని.

అలాగని ముందే పసిగట్టడం కట్టుకథ అని కొట్టిపారేయడానికీ లేదు. ఇంగ్లండులోని షెఫీల్డులో ‘సపోర్ట్ డాగ్స్’ సంస్థకు చెందిన వాల్ స్ట్రాంగ్, స్టీఫెన్ బ్రౌన్ అనే వైద్యుడితో కలిసి 1999లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పావుగంట నుంచి ముప్పావుగంట ముందే హెచ్చరించేలా కొన్ని కుక్కల్ని తీర్చిదిద్దగలిగామని అందులో రాశారు. 2004లో కెనడాలోని కాల్గరీ వైద్యులు మూర్ఛ ఉన్న పిల్లల ఇళ్లలోని కుక్కల గురించి తల్లిదండ్రులను అడిగారు. పదింటిలో నాలుగు కుక్కలు ఫిట్స్‌కు ఏదో ఒక తీరుగా స్పందిస్తున్నాయనీ, వాటిలో కొన్ని ముందే గుర్తుపడుతున్నాయనీ వారు చెప్పారు. తర్వాత అమెరికాలో కొందరు రోగులకు వీడియోతోపాటు మెదడు తరంగాలను చూపే ఇఇజి తీసి చూసేసరికి సంగతి చిక్కుపడింది. కుక్క తమను హెచ్చరిస్తుందని చెప్పిన వారిలో కొందరికి వస్తున్నవి అసలు మూర్ఛ ఫిట్సే కావు, మానసిక కారణాల వల్ల వచ్చే అలాంటి కుదుపులు. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఫిట్స్ వచ్చిన రోజు సాయంత్రం “పొద్దున్నుంచీ దీని వాలకం అదోలా ఉంది” అనిపిస్తుంది. ఏమీ జరగని రోజు కుక్క అదోలా ఉన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

వాసన సంగతి కొంత తేలింది. 2019లో ఫ్రాన్సులోని రెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫిట్స్ వచ్చినప్పటి చెమట, ఊపిరి నమూనాలనూ, అదే మనుషులు మామూలుగా ఉన్నప్పటివీ, వ్యాయామం చేసినప్పటివీ శిక్షణ పొందిన ఐదు కుక్కల ముందుంచారు. అన్నిటికన్నా వెనకబడిన కుక్క కూడా ఫిట్స్ నమూనాలను మూడింట రెండు వంతులు పట్టుకుంది. ఒక్కటీ తప్పనివీ వాటిలో ఉన్నాయి. 2021లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఏ శిక్షణా లేని 19 పెంపుడు కుక్కలకు అలాంటి వాసన చూపితే వాటి ప్రవర్తనలోనూ మార్పు కనిపించింది. ముక్కుకు ఆ శక్తి ఉంది. కానీ ప్రయోగశాలలో డబ్బా వాసన చూడటం వేరు, నడింట్లో పిల్లలు గోల చేస్తుండగా అదే వాసన పట్టుకుని ఒకరికి చెప్పడం వేరు. అందుకే తల్లిదండ్రులు మొదట గంట నేర్పుకోవాలి. ముందస్తు హెచ్చరిక దానంతటది వస్తే అది అదృష్టం.

ఇంట్లో ఉన్న కుక్క ఈ పనికి సరిపోతుందా అన్నది మొదటి పరీక్ష. జాతి పెద్ద లెక్కలోకి రాదు. లాబ్రడార్ సులువుగా నేర్చుకుంటుంది, నాటు కుక్కల్లోనూ నెమ్మదస్తులు దొరుకుతాయి. చూడాల్సింది బెదురు. కుక్కకు కాస్త దూరంలో స్టీలు పళ్లెం ఒకటి జారవిడవాలి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడి, రెండు క్షణాల్లో తేరుకుని, పళ్లెం దగ్గరకొచ్చి వాసన చూసే కుక్క పనికొస్తుంది. మంచం కిందకి దూరి సాయంత్రందాకా బయటికి రానిదీ, మొరుగుతూ మీదికొచ్చేదీ పనికిరావు. ఈ మాట చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ పెంచుకున్న ప్రేమతో దీన్ని దాటవేయకూడదు. మూర్ఛ ఉన్నవారు శిక్షణ లేని కుక్కను పెంచుకోవచ్చా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి స్ట్రాంగ్, బ్రౌన్ 2000లో మరో పత్రం రాశారు. ఫిట్స్ చూసి బెదిరిపోయిన కుక్కలూ, కొట్టుకుంటున్న మనిషి మీదికే వెళ్లిన కుక్కలూ అందులో ఉన్నాయి.

శిక్షణ మాటలతో మొదలవుతుంది. నాన్న “కూర్చో” అని, నాయనమ్మ “కూకో” అని, అక్క “సిట్” అని అంటే కుక్కకు అవి మూడు వేర్వేరు శబ్దాలు. ఏ మాట వాడాలో ఇంటిల్లిపాదీ ముందే అనుకుని, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోవాలి. మెచ్చుకోలు మాట కూడా ఒకటే ఉండాలి. “భేష్” అయితే అందరికీ “భేష్”. కుక్క సరైన పని చేసిన క్షణంలోనే ఆ మాట పడాలి, వెంటనే ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడి ముక్క నోటికందాలి. ఆలస్యమైతే ముక్క దేనికిచ్చారో దానికి అర్థం కాదు.

ఇక గంట. తీగ అక్కర్లేని కాలింగ్ బెల్ మీట ఒకటి కొని, గోడకు కుక్క ముక్కు ఎత్తులో బిగించాలి. కుక్క కంటికి నీలం, పసుపు బాగా ఆనతాయి, ఎరుపు మసకగా ఉంటుంది. అందుకని నీలం కాగితాన్ని అరచేయంత గుండ్రంగా కత్తిరించి పెట్టుకోవాలి. మొదట వట్టి అరచేయి చాపితే కుక్క వాసన చూడటానికి ముక్కు ఆనిస్తుంది. ఆనించగానే “భేష్”, ముక్క. అది అలవాటయ్యాక అరచేతిలో నీలం కాగితం, తర్వాత అదే కాగితం గోడ మీద, చివరికి మీట మీద. కాగితానికి ముక్కు తగిలించడం వచ్చిన కుక్క గట్టిగా నొక్కడం నేర్చుకోవడానికి మరికొన్ని రోజులు పడుతుంది. గంట మోగితేనే ముక్క, ఊరికే తగిలితే లేదు. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు. గంటసేపు కూర్చోబెడితే కుక్కకూ విసుగే, నేర్పేవారికీ విసుగే.

మీట నొక్కడం ఖాయమయ్యాక దానికి కారణం చూపించాలి. పెద్దవాళ్లలో ఒకరు చాప మీద ఊరకే పడుకోవాలి. మరొకరు “గంట” అని చెప్పి కుక్కను మీట దగ్గరికి పంపాలి. కొన్నాళ్లకు పడుకున్న మనిషి ఒక చెయ్యి ఆడించాలి, తర్వాత రెండు చేతులు, తర్వాత ఒళ్లంతా, ఆ తర్వాత గొంతులో గురక. బిడ్డకు వచ్చే ఫిట్స్‌ను వీడియో తీసి, దాన్ని చూసి అనుకరిస్తే మేలు. ఈ నటన బిడ్డతో చేయించకూడదు. అది బిడ్డ మనసుకు కష్టం. పైగా ఆటలో పడ్డదానికీ నిజంగా పడ్డదానికీ తేడా తెలియక కుక్క అయోమయంలో పడుతుంది. “గంట” అనకుండానే, పడిన మనిషిని చూసి కుక్క తనంతట తాను మీటవైపు పరుగెత్తే రోజున అసలు పాఠం వచ్చినట్టు. అప్పుడు చోటు మార్చాలి: పడగ్గది, వరండా, మేడ మీద, తాతగారి ఊరు. ఒక గదిలో వచ్చిన పాఠం కుక్కకు మరో గదిలో గుర్తురాదు.

నిశ్శబ్దంగా వచ్చే ఫిట్స్ దగ్గర ఈ పద్ధతి తడబడుతుంది. బడి పిల్లల్లో కనిపించే ‘ఆబ్సెన్స్’ ఫిట్స్‌లో బిడ్డ పది పదిహేను సెకన్లు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలైపోతుంది. దాన్ని టీచరే గమనించరు, కుక్కకు ఆనవాలు ఎక్కడుంది? అలాంటి బిడ్డకు కుక్క తోడు మాత్రమే, కాపలా కాదు.

గంట విని పరుగెత్తుకొచ్చేవారికి ఏం చేయాలో తెలియకపోతే కుక్క కష్టం వృథా. బిడ్డను ఒక పక్కకు తిప్పాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా డాక్టరు రాసిచ్చిన ముక్కులో కొట్టే మందు వాడి ఆసుపత్రికి బయల్దేరాలి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పట్టడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. వాటితో పోయేది కాలమే. నోట్లో చెంచా పెట్టడం అంతకన్నా చెడ్డది, పళ్లు విరుగుతాయి.

గంట నొక్కాక కుక్క వచ్చి బిడ్డ కాళ్ల వైపు పడుకోవడం నేర్పాలి. మొహం నాకడం చూసేవాళ్లకు ముద్దుగా ఉంటుంది గానీ, తెలివి లేని బిడ్డ నోటి దగ్గరికి కుక్కను రానివ్వకూడదు, ఛాతీ మీద పడుకోనివ్వకూడదు.

ముందస్తు హెచ్చరికను నమ్మాలంటే లెక్క కావాలి. ఒక నోటుబుక్కులో కుక్క వింతగా ప్రవర్తించిన ప్రతిసారీ తేదీ, టైము రాయాలి, తర్వాత ఏమీ కాకపోయినా సరే. ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ అదే పుస్తకంలో మరో వరస. మూడు నాలుగు నెలల తర్వాత రెండు వరసలూ కలుస్తున్నాయో లేదో డాక్టరుకు చూపించాలి. కలిస్తే ఆ ప్రవర్తనకు ముక్క ఇచ్చి గట్టిపరచవచ్చు. కుక్క సైగ చేసిందని మందు మోతాదు మార్చకూడదు.

కుక్క ఆరోగ్యం కూడా బిడ్డ వైద్యంలో భాగమే. రేబిస్ టీకా సరేసరి, ఎక్కువగా మరిచిపోయేది నులిపురుగుల మందు. కుక్క పేగుల్లో ఉండే టాక్సోకారా అనే గుండ్రటి పురుగు గుడ్లు పిల్లల కడుపులోకి చేరితే దాని పిల్లపురుగులు ఒళ్లంతా తిరుగుతాయి. ఈ పురుగు సోకినవారిలో మూర్ఛ ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు ఉన్నాయి. పశువైద్యుడు చెప్పిన గడువుకు మందు వేయడం, మలం వెంటనే తీసేయడం, చేతులు కడుక్కోవడం తప్పనిసరి. కుక్కకు విశ్రాంతీ కావాలి. నిద్ర రాకపోయినా ఆవులించడం, మూతి నాక్కోవడం, తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం అలసటకూ బెదురుకూ గుర్తులు. అవి కనిపించిన రోజు పాఠం ఆపేయాలి. దీపావళి వారమంతా అసలు పాఠమే పెట్టకూడదు.

ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చేసరికి కుక్కకు చెవులు మందగిస్తాయి, కీళ్లు పట్టేస్తాయి, రాత్రిపూట లేవడం ఆలస్యమవుతుంది. నెలకోసారి నటన పెట్టి, పడిన క్షణం నుంచి గంట మోగేదాకా ఎంత పట్టిందో రాసుకుంటే ఆ మార్పు ముందే తెలుస్తుంది. అది కనిపించగానే రెండో కుక్కను తెచ్చి మొదటిదాని పక్కనే నేర్పడం మొదలుపెట్టాలి. పాత కుక్క బిడ్డ మంచం పక్కన తన చోట తాను పడుకోవచ్చు. గోడ మీది మీటను మాత్రం కొత్తదాని ముక్కు ఎత్తుకు దించి బిగించాలి.